ఊరి లెక్కలో ఒక స్టాపర్

మా ఊళ్లో ఇప్పటికీ ఆయన మాట వస్తే "ఆ ఆఫ్రికాయన" అంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎన్నో వేసవులు మా ఇంట్లో ఉండి, మా సంగటి తిని, మా నాయన వెంట జీవాలు తోలిన మనిషి. ఆయనది ఘానా దేశమని ఒక్కడికీ గుర్తుండదు. ఆఫ్రికా అంటే ముదిగుబ్బ దాటినాక వచ్చే ఇంకో మండలం అనుకుంటారో ఏమో! మాయమ్మ ఒక్కతే మొదటి రోజునుంచీ "పెద్దోడు" అని పిలిచింది. కడుపున పుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయినా ఆ పూటతో నేను చిన్నోణ్ణయిపోయాను. నాకేం బాధ లేదు. ఆయన నాకంటే వయసులో పెద్ద, నాకంటే మంచి ఆటగాడు కూడా.

ఇద్దరం ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. అనంతపురం హాస్టల్లో చదివేటప్పుడు నాకు ఆట పట్టుకుంది. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్లోడికి పరిగెత్తడం ఎవరూ నేర్పనక్కర్లేదు కదా. అక్కణ్ణుంచి బెంగళూరు పోయి బి డివిజన్‌లో ఒక చిన్న క్లబ్బుకి ఆడాను. బి డివిజన్ అంటే పైకి పోదామని వచ్చిన కుర్రాళ్లూ, పైనుంచి జారిపడ్డవాళ్లూ కలిసే చోటు. చూడ్డానికి వచ్చేది టీ అమ్మేవాడు, వీధి కుక్కలు, అవతలి జట్టు కోచ్ బావమరిది. నేను చేరిన కొన్నాళ్లకు ఆ క్లబ్బుకి ఈయన స్టాపర్‌గా వచ్చాడు. గోల్‌కీపరుకి ముందు నడిమధ్య నిలబడి, వచ్చేవాణ్ణి వచ్చినట్టు ఆపేసేవాణ్ణి స్టాపర్ అంటారు. నేను ఆయన పక్కన ఎడమవైపు ఆడేవాణ్ణి.

ఆయన మన దేశం వచ్చింది పంతొమ్మిదేళ్ల వయసులో. కలకత్తాలో పెద్ద క్లబ్బు నీకోసం ఎదురుచూస్తోందని ఒక ఏజెంటు చెప్పి విమానం ఎక్కించాడు. దిగిన చోట ఆయన కోసం ఎదురుచూసింది వాన ఒక్కటే. అయినా తిరిగిపోలేదు. కలకత్తాలో కింది డివిజన్లు, తర్వాత కేరళలో సెవెన్స్. జట్టుకు ఏడుగురు, కోసిన వరిమళ్లలో లైట్లు కట్టి, వెదురు గ్యాలరీలు వేసి ఆడిస్తారు. అక్కడ ఒక సీజన్ ఆయన బొమ్మ గోడల మీద అంటించారట. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ముఖం వెలిగేది. ఆ తర్వాత గోవా, షిల్లాంగ్, మళ్లీ కేరళ, చివరికి బెంగళూరు. పోయిన ప్రతిచోటా అంతకు ముందు క్లబ్బుకంటే చిన్న క్లబ్బే. ఆయన మాత్రం వచ్చే ఏడాది పై డివిజన్ అనేవాడు.

ఆట తక్కువై కాదు. ఆయన ఎంచుకున్న చోటు తప్పు. ఒక జట్టులో విదేశీయులకు ఉండే చోట్లు ఒకటో రెండో. వాటిని గోల్ కొట్టేవాడికే ఇస్తారు. గోల్ ఆపేవాడు కావాలంటే ఇక్కడి కుర్రాడు చాలడా, దాని కోసం సముద్రం అవతలినుంచి మనిషిని తెచ్చుకుంటామా అంటారు. కొన్ని లీగుల్లో అయితే విదేశీయులే వద్దన్నారు. "అన్నా, నువ్వు ఫార్వర్డ్ అని చెప్పుకో, ఎవడు చూడొచ్చినాడు" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. "నాకు కొట్టేది రాదు తమ్ముడూ. నిలబడేది వస్తాది" అనేవాడు.

గ్యాలరీలోంచి కోతి కూతలు కూసేవాళ్లు ఉండేవారు. థూ! అక్కడే బంతి వదిలేసి పోయి వాళ్ల మూతి పగలగొట్టాలనిపించేది నాకు. ఒకసారి పోయాను కూడా, ఎర్రకార్డు చూపించి బయటికి పంపారు. మనం పదిమందిమే మిగిలాం, ఓడిపోయాం, వాళ్లకి కావలసింది అదే అని మర్నాడు ఆయన అన్నాడు.

లీగ్ అయిపోయినాక ఆయనకు ఉండడానికి చోటుండేది కాదు. క్లబ్బు గది ఖాళీ చేయిస్తుంది. బయట ఇల్లు అడిగితే ముఖం చూసి, ఖాళీ లేదు పొమ్మంటారు. అందుకని మొదటి ఏడాది వేసవిలో నేనే మా ఊరికి తీసుకొచ్చాను. గోరంట్ల మీదుగా బస్సు. కదిరి దాకా బస్సులో ఒక్కరు కిటికీలోంచి బయటికి చూస్తే ఒట్టు, అందరూ ఆయన్నే చూశారు. ఒక ముసలామె చెయ్యి పట్టి రుద్ది చూసి, "రంగు కాదప్పా" అని పక్కామెకు చెప్పింది. ఆయన ఇంకో చెయ్యి కూడా చాపాడు. బస్సంతా నవ్వింది. నాకు సిగ్గేసింది.

ఇంటికి పోతే మాయమ్మ ఆ రోజు సంగటి, చెనక్కాయల పులుసు చేసింది. పట్నపోడు కూడా కాదు, పరదేశపోడు, ఏమి తింటాడో ఏమోనని ఆమెకు దిగులు. ఆయన ముద్ద తుంచి, పులుసులో అద్ది, గుటుక్కున మింగాడు. నమల్లేదు. మళ్లీ తుంచాడు, మళ్లీ మింగాడు. వాళ్ల ఊళ్లో కూడా అంతేనట. పిండి ముద్ద, చెనక్కాయల చారు, నమిలితే పెద్దవాళ్లు తిడతారట. మాయమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"చూడప్పా, ఎట్ల మింగుతాండాడో! మనోడే వీడు. ఈ చిన్నోడు బెంగళూరికి పోయి సంగటి నమిలేది నేర్చుకొని వచ్చినాడు."

మా నాయన మాట్లాడే మనిషి కాదు. పొద్దున్నే జీవాలు తోలుకుపోతూ గొంగడి ఒకటి ఆయన భుజం మీద వేశాడు. అంతే, ఆ వేసవంతా ఇద్దరూ గుట్టల్లో ఉన్నారు. తర్వాత కదిరిలో ఒక టోర్నమెంటులో మేం ఆడుతుంటే నాయన మొదటిసారి ఫుట్‌బాల్ చూశాడు. ఇంటికొచ్చి అమ్మతో, "పెద్దోడు మంద కాసినట్ల ఆడతాడు. జీవం కదలకముందే వాడు కదుల్తాండాడు" అన్నాడు. నా గురించి ఒక ముక్క కూడా అనలేదు. ఇప్పటికీ గుర్తుంది నాకు.

నా మోకాలు ముందే పోయింది. ఆట మానేసి కదిరిలో ఒక స్కూల్లో ఆటల మాస్టరుగా చేరాను. పెళ్లి కాలేదు. ఆడే రోజుల్లో ఆటగాడికి పిల్లనెవరిస్తారన్నారు, మానేసినాక ఆటే లేనివాడికి పిల్లనెవరిస్తారన్నారు. ఇంట్లో మేం ముగ్గురమే. ఆయన వస్తే నలుగురం.

ఆయన మాత్రం ఆడుతూనే ఉన్నాడు. ముప్పై దాటాయి. ఒక క్లబ్బు మూసేస్తే ఇంకొకటి. మీకు తెలియాల్సింది ఒకటుంది. ఆయన ఈ దేశంలో ఉండడానికి ఇచ్చిన పర్మిట్ క్లబ్బుతో ముడిపడి ఉంటుంది. క్లబ్బు సంతకం ఉంటేనే ఆ కాగితం బతుకుతుంది. లేకపోతే ఆట పోవడమే కాదు, దేశం కూడా వదలాలి. ఇంటికి పోతే ఏమయిందన్నా, ఇక్కడ ఏముందని అంత పట్టుకుని వేలాడుతున్నావు అని ఒకసారి విసుక్కున్నాను.

"ఈడ నేను ఆటగాన్ని తమ్ముడూ. చిన్న ఆటగాన్నే, కానీ ఆటగాన్ని. ఆడికి పోతే నేనేమీ కాను."

ఆ ఏడాది సంగతి చెప్తాను. వరసగా ఎండిన ఏళ్ల తర్వాత ఆ ఏడు వానలు పడ్డాయి. అదీ ఎప్పుడు, పంటకు పనికిరాని కాలంలో. చెనక్కాయ చేలో కుళ్లింది. నీళ్లు నిలిచి దోమ పుట్టింది, దోమతో జీవాలకు మూతివాపు వచ్చింది. మూతి వాచి, నాలుక నీలంగా మారి, మేత మేయలేక నిలబడిన చోటే కూలబడేవి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. వానలకు ముందే టీకా వేయించాల్సిందని పశువుల డాక్టరు అన్నాడు. ముందు చెప్పి ఉంటే కదా అని మావాళ్లు, ముందు అడిగి ఉంటే కదా అని డాక్టరు. మధ్యలో చచ్చేది గొర్రెలు.

అదే నెలలో బెంగళూరులో ఈయన క్లబ్బు జట్టు ఎత్తేసింది. స్పాన్సరు పోయాడట. బ్యాగు భుజాన వేసుకుని మా ఇంటికొచ్చాడు. పర్మిట్‌కి ఇంక కొన్ని వారాలే గడువు. పొద్దున నాయనతో పాటు గొర్రెల మూతులు పసుపునీళ్లతో కడగడం, మధ్యాహ్నం మిద్దె మీద సిగ్నల్ దొరికే మూలన నిలబడి తెలిసిన ప్రతి మేనేజరుకూ ఫోన్ చెయ్యడం. నేను శనివారాలు ఊరికి వచ్చినప్పుడు ముఖం చూసేవాణ్ణి. అడగక్కర్లేకుండానే తెలిసిపోయేది.

జీవాలు చావడం ఆగకపోయేసరికి ఊరు కట్టాలని పెద్దలు తీర్మానించారు. మా పక్క పల్లెల్లో ఇది ఉంది. రోగం ఊరి మీద పడితే ఒక రోజు ఊరిని కట్టేస్తారు. పొద్దు పొడిచేముందు నాలుగు దిక్కులా నిమ్మకాయలు పూడ్చి, వచ్చే ప్రతి దారికీ అడ్డంగా పసుపు గీత గీస్తారు. మర్నాడు పొద్దు పొడిచేదాకా బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు గీత దాటకూడదు. ముందు రోజు ప్రతి ఇంటికీ మూట తీసుకుని వస్తారు. ఊళ్లో ఉండేవాళ్లు ఒక్కొక్కరు తమ చేత్తో తమ పిడికెడు బియ్యం అందులో పోయాలి. అదే ఊరి లెక్క. ఆ బియ్యంతోనే అమ్మవారికి పొంగలి. పిడికెడు పోసినవాడు గీత దాటాడా, కట్టు తెగిపోతుంది. ఆ తర్వాత చచ్చే ప్రతి గొర్రె ఉసురూ ఆ ఇంటికే.

నాకు స్కూల్లో పరీక్షలు. కదిరిలోనే ఉండిపోయాను, పిడికెడు పోయలేదు. ముందు రోజు ఏం జరిగిందో అమ్మ ఫోన్లో చెప్పింది. మూట మా గుమ్మం ముందుకు వచ్చిందట. పరదేశపోణ్ణి పొద్దు మునిగేలోపల ముదిగుబ్బకు పంపించేయండి, బయటోడు ఊళ్లో ఉంటే కట్టు నిలవదు అన్నాడట ఊరిపెద్ద. మాయమ్మ నడుం బిగించింది.

"వాడు బయటోడెట్ల అయితాడు? చచ్చిన జీవాలను గుట్టకు మోసేదానికి మీ కొడుకులు వచ్చినారా, వాడు వచ్చినాడా? వాడు నా పెద్దకొడుకు. పెద్దోడా, పొయ్యి నాయనా నీ పిడికెడు."

ఆయన పోశాడట. ఆ చెయ్యి ఎంత పెద్దదో నాకు తెలుసు. మూట పట్టుకున్నవాడు, "ఏమప్పా, ఇద్దరి బియ్యం పోసినాడు!" అంటే అందరూ నవ్వారట. ఊరిపెద్ద కూడా మెత్తబడి, సరే, ఇంత మనిషి ఉండి ఏం లాభం, పెద్దదారి గీత దగ్గర కాపలాకు వీణ్ణే పెడదాం అన్నాడట. అమ్మ పెద్దోడికి ఫోన్ ఇస్తే మాట ఒక్కటీ తిన్నగా రాలేదు. అంత సంతోషం. "తమ్ముడూ, నా పేరు ఊరి లెక్కలో రాసినారు" అన్నాడు. రాయలేదన్నా, బియ్యం పోయించుకున్నారంతే అని నేను నవ్వాను. ఎన్నేళ్లుగానో ఏ కాగితంలో చూసినా ఆయన పేరు ఒక గడువుతో కలిసే ఉండేది.

కట్టు రోజు ఉదయం ఇంకా స్కూలు గంట కొట్టలేదు, నాకు ఫోన్ వచ్చింది. బెంగళూరులో పై డివిజన్ క్లబ్బు మేనేజరు. వాళ్ల స్టాపర్ కాలు విరిగింది. ఆటగాళ్ల పేర్లు నమోదు చేసే గడువు ఆ సాయంత్రంతో సరి. మీవాడి ఫోన్ మోగుతోంది గాని ఎత్తడంలేదు, సాయంత్రం అయిదులోపల మైదానంలో ఉంటే ఆడించి చూసేది కూడా లేదు, సంతకమే అన్నాడు. ఫోన్ ఎలా ఎత్తుతాడు? కాపలావాళ్లు చెప్పులు లేకుండా, ఒంటి మీద పంచె తప్ప ఏమీ లేకుండా నిలబడాలి. ఫోన్ ఇంట్లో ఉంది. అమ్మ, నాయన గుడి దగ్గర ఉన్నారు.

హెడ్మాస్టరుకు కూడా చెప్పలేదు. కదిరిలో కారు ఒకటి మాట్లాడి ఉంచి, బండి తీశాను. ముదిగుబ్బ దాటి మా మట్టిరోడ్డు ఎక్కేసరికి నాకు గాల్లో తేలుతున్నట్టుంది. నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, ఏం చేస్తున్నానో నాకే తెలియదు. పై డివిజన్! పర్మిట్, గది, జీతం, టీవీలో ఆట. ఆ మనిషి అడిగింది అంతే కదా.

గీత అవతల నిలబడి ఉన్నాడు. మోకాళ్లదాకా పంచె, నుదుట పసుపు, చేతిలో వేపమండ. వెనకాల ఇంకో ఇద్దరు కాపలావాళ్లు. నన్ను చూసి నవ్వాడు.

"అన్నా, ఎక్కు బండి. బిన్న రా, అయిదులోపల సంతకం పెట్టల్ల. పై డివిజన్!"

ఆయన చేతిలోని వేపమండ కింద పడిపోయింది. ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు నేను చూశాను, వెయ్యలేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. గీత దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

వెనకనున్నవాళ్లలో ఒకడు గుడి దగ్గరికి పరిగెత్తాడు. ఊరిపెద్ద వచ్చాడు, పూజారి వచ్చాడు, మాయమ్మ, నాయన, సగం ఊరు వచ్చింది. నేను గీత ఇవతలినుంచే అరిచాను. మనిషి బతుకన్నాను, గొర్రెలకు కావలసింది టీకా, నిమ్మకాయలు కాదన్నాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఊరిపెద్ద దొడ్డిలో అప్పటికే సగం మంద పోయింది. చెడ్డవాడు అనడానికి లేదు, ఆ మనిషికి కళ్లకింద గుంటలు పడి ఉన్నాయి.

"అరవగాకప్పా. నేనేమి కసాయోన్నా? ఒక దారి ఉండాది. ఊరోడు దాటితేనే కట్టు తెగుతాది. బయటోడు బయటికి పోతే తెగదు. వాని పిడికెడు బియ్యం వానికి ఎనక్కి ఇచ్చేస్తాము. ఆయమ్మ అమ్మవారి మీద ఆన పెట్టి, వీడు నావాడు కాదని చెప్పల్ల. చెప్తే ఇప్పుడే పోవచ్చు."

నేను బతికిపోయాననుకున్నాను. అంతేనా, మాటే కదా! అమ్మ వైపు చూశాను. ఆమె క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. చెయ్యి గుడివైపు చాపింది.

"వీడు నావాడు కాదు. నా కడుపున పుట్టినోడు కాదు. పరదేశోడు. వీనికీ మా ఇంటికీ ఏమీ లేదు. పంపించండి వాన్ని."

ఆయన ముఖం మాత్రం చూడలేదు. నాయన తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. పూజారి మూటలోంచి బియ్యం తీసి ఆయన ముందు పట్టాడు. ఆయన ఆ బియ్యం వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. మా ఇంట్లో నేర్చుకున్న తెలుగు ఆయనది, ప్రతి మాటా అర్థమైంది.

"ఇది తీసుకుంటే, మళ్ల ఊర్లోకి రావచ్చునా?" అని ఊరిపెద్దను అడిగాడు.

"ఎందుకు రాకూడదప్పా? రా, ఎన్నిసార్లయినా రా. చుట్టంగా రా."

ఊరిపెద్ద ఆ మాట మంచికే అన్నాడు. ఈయన మాత్రం అలాగే నిలబడ్డాడు. నేను బండి హారన్ కొట్టాను, దేవుడు వరమిచ్చినా నువ్వు తీసుకోవేమన్నా అని అరిచాను. పూజారి చెయ్యి చాపే ఉంది, బియ్యం గింజలు వేళ్ల సందుల్లోంచి రాలుతున్నాయి. ఈయన ఆ చెయ్యిని మెల్లగా మూసి వెనక్కి నెట్టాడు.

"అమ్మ అబద్ధం చెప్తాంది" అన్నాడు.

అమ్మ మీదపడి కొట్టింది. నిజంగానే రెండు చేతులతో ఛాతీ మీద గుద్దింది. పోరా, పోరా పెద్దోడా, నీ కాళ్లు మొక్కుతా పోరా అని ఏడ్చింది. పెద్దోడా అనేసింది కదా, ఇంక ఆన ఎక్కడిది? పూజారి బియ్యం మూటలో పోసేసుకున్నాడు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. గీత గీటు జాన్తానై, ఈ మనిషిని ఈడ్చుకుపోతాను అనుకుని బండి పడేసి ముందుకు దూకాను. గీత మీద కాలు పడేలోపల ఆయన నా ఎదురుగా ఉన్నాడు. ఎడమకు పోతే ఎడమకు వచ్చాడు, కుడికి పోతే కుడికి. ఒక్కసారి కూడా నన్ను తాకలేదు. నేను కదలకముందే కదిలాడు. ఎన్నో ఏళ్లు పక్కన నిలబడి ఆడాను గాని ఆయనకు ఎదురుగా ఆడితే ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. చివరికి రొప్పుతూ రోడ్డు మీద కూలబడ్డాను. మోకాలు భగ్గుమంటోంది.

"వద్దు తమ్ముడూ" అన్నాడు. "నువ్వు ఈ రోజు లెక్కలో లేవు."

నా జేబులో ఫోన్ మోగింది. కాసేపటికి మళ్లీ మోగింది. పొద్దు నడినెత్తికి వచ్చి, పడమటికి వాలింది. ఆయన ఎండలో అలాగే నిలబడ్డాడు, నేను ఇవతల తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. ఇద్దరి మధ్యా పసుపు గీత. అయిదు దాటినాక ఫోన్ మోగడం ఆగిపోయింది.

మర్నాడు పొద్దు పొడిచాక గీత తుడిచారు. మూడో రోజు మా దొడ్డిలో ఇంకో రెండు జీవాలు పోయాయి. ఊరిపెద్ద మందలో ఎన్ని పోయాయో ఆయనే చెప్పడం మానేశాడు. చలి ముదిరి దోమ తగ్గినాక రోగం దానంతటది పోయింది. కట్టు పనిచేసిందని సగం మంది అంటారు. నేను వాదించడం మానేశాను.

పర్మిట్ గడువు తీరేలోపల ఇంకో క్లబ్బు దొరకలేదు. దేవనహళ్లి విమానాశ్రయానికి నేనే తీసుకుపోయాను. చిలమత్తూరు దాటినాక టీ కోసం ఆపితే, అప్పుడు అడిగాను ఎందుకు చేశావన్నా అని. "మోకాలు నొప్పిగా ఉండె తమ్ముడూ. సంతకం పెట్టినా నెల కూడా ఆడలేకపోయింటాను" అని నవ్వాడు. అది నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. నా ముందు ఎడమకూ కుడికీ కదిలినప్పుడు ఆ మోకాలికి ఏ నొప్పీ లేదు. ఒకవేళ నిజంగానే భయపడ్డాడేమో. అన్నేళ్లు ఎదురుచూసింది చేతికందినప్పుడు, అందులోనూ నిలబడలేకపోతే ఏమవుతుందో అని. అలా అనుకుంటే నాకు కాస్త కోపం తగ్గుతుంది, అందుకే అనుకుంటాను.

ఇప్పుడు వాళ్ల ఊళ్లో టైర్ల అంగట్లో పనిచేస్తున్నాడు. నెలకోసారి ఫోన్ చేస్తాడు. జీవాలెట్ల ఉండాయి, వానలు పడినాయా, నాయన దగ్గు తగ్గిందా అని అడుగుతాడు. ఆట గురించి నేను ఎత్తను, ఆయనా ఎత్తడు. తెలుగులో మాట్లాడేవాళ్లు అక్కడ ఎవరూ లేక కొన్ని మాటలకు తడుముకుంటున్నాడు. ఫోన్ పెట్టేసినాక అమ్మ ప్రతిసారీ ఒకటే అంటుంది. "ఆ పొద్దు నేను వాన్ని లెక్కలో వెయ్యకపోయింటే సరిపోయుండు కదరా." వేసినందుకే కదమ్మా నిలిచిపోయాడు అనలేను. వెయ్యకపోయి ఉంటే పోయేవాడే కదా అనీ అనలేను.

ఈ ఏడు మళ్లీ మూతివాపు వచ్చింది. మళ్లీ ఊరు కట్టారు. ఈసారి నేను ఊళ్లోనే ఉన్నాను. ముందు రోజు సాయంత్రం మూట మా గుమ్మం ముందుకు వచ్చింది. నాయన పోశాడు, నేను పోశాను, అమ్మ పోసింది. ఊరిపెద్ద మూట ముడెయ్యబోతుంటే అమ్మ ఆగమంది. చేటలోంచి ఈసారి రెండు చేతులా దోసిలి నిండా తీసుకుంది.

"ఇది ఎవరిదమ్మా? ముగ్గురే కదా ఇంట్లో?"

"పెద్దోనిది."

"యాడో సముద్రం అవతల ఉన్నోన్ని లెక్కలో ఎట్ల వేస్తావమ్మా? పిడికెడు పోసినోడు ఊర్లో ఉండల్ల. గీత దాటినోడు..."

"వాడు దాటినాడా?" అంది అమ్మ. "నువ్వుండావు గదా ఆ పొద్దు. చెప్పు, దాటినాడా వాడు?"

ఊరిపెద్ద తల వంచుకుని, దోసిలి పట్టేలా మూట మూతి వెడల్పుగా తెరిచి పట్టుకున్నాడు.